పళ్ళెం మీది పొర

హరిరాయ (ఈద్) పండుగ దగ్గర పడుతోందంటే మలేషియా పల్లెల్లో అటకల మీది సామాను కిందికి దిగుతుంది. అందులో కుయే బహులు అచ్చు ఉండి తీరుతుంది. మన గుంతపొంగనాల పెనం ఎరిగినవాళ్ళకు దాని రూపు వేరే చెప్పక్కర్లేదు. గుంతలు మాత్రం చేప ఆకారంలోనో పువ్వు ఆకారంలోనో ఉంటాయి. పోత ఇనుముదో, ఇత్తడిదో, ఈ మధ్య కాలందైతే పోత అల్యూమినియందో అయి ఉంటుంది. గుడ్లూ పంచదారా నురుగొచ్చేదాకా గిలకొట్టి, మైదా కలిపి, కాగిన అచ్చులో పోసి, కిందా మీదా కొబ్బరి డొక్కల నిప్పు పెట్టి కాల్చడం పాత పద్ధతి. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ పని ఓవెన్ చేస్తోంది.

నెలల తరబడి మూలన పడి ఉన్న ఆ అచ్చు మీద మూడు రకాల రంగులు కనబడతాయి. గుంతల లోపల నల్లగా నిగనిగలాడే పొర, అంచుల దగ్గర ఎర్రటి తుప్పు, ఇత్తడిదైతే గీతల సందుల్లో పచ్చటి చిలుము. ఇనుప పీచు పట్టుకుని మొత్తం ఊడ్చిపెట్టేలా తోమితే అచ్చు తళతళలాడుతుంది, మొదటి వాయి బహులు మాత్రం దానికే అతుక్కుపోతుంది. తోమకుండా వదిలేస్తే పిండివంటకు తుప్పు వాసన పడుతుంది. మరి ఏది తీసేయాలి, ఏది ఉంచుకోవాలి?

వంటింట్లో ఏ లోహమూ ఒట్టి ఒంటితో ఉండదు. గాలి తగిలిన క్షణం నుంచీ దాని మీద ఏదో ఒక పొర కడుతూనే ఉంటుంది. కొన్ని పొరలు లోహాన్ని కాపాడతాయి, కొన్ని తినేస్తాయి. పళ్ళెం కడగడంలోని మెలకువ అంతా ఆ రెంటికీ తేడా పోల్చుకోవడంలోనే ఉంది. కేకు పళ్ళేలు పాడయ్యేది వంట వల్ల కంటే తోముడు వల్లే ఎక్కువని నా అభిప్రాయం.

ముందు గాలి సంగతి చూద్దాం. మలేషియాలో ఎండాకాలం, చలికాలం అన్న తేడా పెద్దగా లేదు. ఏడాది పొడుగునా గాలిలో తేమ సగటున 80 శాతం దగ్గర తచ్చాడుతుంది, రాత్రుళ్ళు 90 దాటుతుంది. ఇనుముకు ఇది గడ్డుకాలమే. వెర్నన్ అనే బ్రిటిష్ రసాయనవేత్త 1930ల నాటికే ఒక విషయం తేల్చాడు: గాలిలో తేమ పెరిగే కొద్దీ తుప్పు కూడా అదే లెక్కన పెరగదు. సుమారు 60 శాతం దాకా ఇనుము దాదాపు నిశ్చింతగా ఉంటుంది, ఆ గీత దాటగానే తుప్పు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ముఖ్యంగా గాలిలో గంధకపు పొగలు కలిసి ఉంటే మరీనూ. కారణం కంటికి కనబడనంత పలచని నీటి పొర. తేమ ఆ గీత దాటితే లోహం మీద కూర్చున్న నీటి అణువులు ఒకదానితో ఒకటి చేయి కలిపి, విద్యుత్ కణాలు అటూ ఇటూ తిరిగేందుకు సరిపడా తడి తయారుచేస్తాయి. తుప్పు పట్టడం అంటే ఆ తడిలో నడిచే చిన్న బ్యాటరీయే. హైదరాబాదులో వేసవిలో కడిగి బోర్లించిన పెనం తనంతట తానే ఆరిపోతుంది. కౌలాలంపూర్‌లో అదే పెనం చూడటానికి ఆరినట్టే ఉంటుంది, లోహం లెక్కలో అది తడిదే.

దీనికి ఉప్పు తోడైతే చెప్పక్కర్లేదు. మనం తినే ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది తనంతట తానే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం అందుకే. పళ్ళెం మూలలో ఇరుక్కున్న బిస్కెట్ పొడిలోనూ వెన్న మరకలోనూ రవ్వంత ఉప్పు ఉంటుంది కదా, పగలు అది పొడిగా కూర్చుని, రాత్రి తేమ పెరగగానే ఉప్పునీటి బొట్టుగా మారుతుంది. తెల్లారేసరికి ఆ బొట్టు కింద ఎర్రటి చుక్క. చాలామంది పండుగ కాగానే ట్రేలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి భద్రంగా దాస్తారు. ఆ సంచి తేమను బయట ఆపదు, లోపలిదాన్ని బయటికి పోనివ్వదు, అంతే. అంతకంటే పళ్ళేన్ని కడిగి, గుడ్డతో తుడిచి, వంటయ్యాక ఇంకా వేడిగా ఉన్న ఓవెన్‌లో పది నిమిషాలు పెట్టి, ఆ వేడి ఉండగానే పలచగా నూనె చేయి రాసి, వార్తాపత్రిక మధ్య పెట్టి గాలి ఆడేచోట ఉంచడం మేలు. ఖర్చు లేని పని.

ఏ నూనె రాయాలి అన్నదాంట్లో మంచి రసాయనశాస్త్రం ఉంది. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దతుక్ ప్రాంతమంతా కొబ్బరి తోటలు. ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ తోట పనులకు వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది స్థిరపడ్డది అక్కడే. వాళ్ళ వారసులు దీపావళికీ ఉగాదికీ గులాబీ పువ్వులు చేస్తే, ఆ దేశంలో మలయులూ చీనీయులూ అవే పువ్వులను కుయే రోస్ పేరుతో, ఇత్తడి గుత్తి మీద పుట్టినందుకు కుయే లోయాంగ్ పేరుతో చేస్తారు. అది నూనెలో వేగే వంట, ఓవెన్‌ది కాదు. అయినా గుత్తి విషయంలో శాస్త్రం ఒకటే: కొత్త గుత్తికి పిండి అంటుకుంటుంది, పాతబడ్డ గుత్తి నుంచి పువ్వు విదిలిస్తే చాలు జారిపోతుంది.

ఆ జారుడుతనం నూనె ఎండి గట్టిపడిన పొరది. నూనె అణువులోని కార్బన్ గొలుసులో జంట బంధాలు ఉంటే, వేడికీ ఆక్సిజన్‌కీ ఆ బంధాలు తెరుచుకుని పక్క గొలుసులతో అల్లుకుపోతాయి. ద్రవంగా ఉన్న నూనె వార్నిష్‌లా లోహానికి పట్టుకుంటుంది. ఒక నూనెలో ఇలాంటి జంట బంధాలు ఎన్ని ఉన్నాయో అయోడిన్ విలువ అనే కొలతతో చెబుతారు. అవిసె నూనెకు అది 170 పైన ఉంటుంది, పొద్దుతిరుగుడుకు 110 నుంచి 140, నువ్వుల నూనెకు 110 అటూ ఇటూ. మలేషియా ఇళ్ళలో రోజూ వాడే పామోలిన్‌కు 60 దరిదాపుల్లో. కొబ్బరి నూనెకు పదికి మించితే గొప్ప. కొబ్బరి నూనెలో 90 శాతం సంతృప్త కొవ్వే కాబట్టి అల్లుకోవడానికి అందులో చేతులే లేవు. అందువల్ల అచ్చుకు కొత్తగా పొర కట్టించాలంటే అది పనికిరాదు. నువ్వుల నూనో పొద్దుతిరుగుడు నూనో చుక్కంత వేసి, రాసింది రాసినట్టే తుడిచేసినంత పలచగా చేసి, 200 డిగ్రీల సెల్సియస్ పైన గంటసేపు బోర్లించి కాల్చాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. మందంగా రాస్తే సగం అల్లుకుని సగం మిగిలి బంకలా తయారవుతుంది.

అయితే దాచిపెట్టే ముందు రాయడానికి కొబ్బరి నూనే మంచిది. అల్లుకునే గుణం లేనందుకే అది నెలల తరబడి జిగురు కట్టదు, చెడిన వాసనా త్వరగా రాదు. బగాన్ దతుక్ వంటి చోట అది చేతికి అందేదే.

పొర కట్టిన అచ్చును సబ్బుతో కడగకూడదన్న మాట తాతల నాటి సబ్బుకు వర్తించేది. అప్పటి సబ్బుల్లో క్షారం మిగిలి ఉండేది, అది పొరను విడగొట్టేది. నేటి గిన్నెల సబ్బు నాలుగు చుక్కలకు ఈ పొర చెదరదు. గంటల తరబడి నీళ్ళలో నానబెట్టడం, ఇనుప పీచు, డిష్‌వాషర్, ఈ మూడూ దానికి శత్రువులు.

ఇదే సంగతి ఓవెన్ ట్రేల మీద గోధుమ రంగులో కట్టే మరకలకూ వర్తిస్తుంది. అదీ అల్లుకున్న నూనే. చేతికి అంటకపోతే, వాసన రాకపోతే దానితో పేచీ లేదు. పైగా ముదురు రంగు పళ్ళెం ఓవెన్ గోడల నుంచి వచ్చే వేడి కిరణాలను చాలా వరకు పీల్చుకుంటుంది, అద్దంలా మెరిసే అల్యూమినియం వాటిలో తొంభై శాతానికి పైగా తిప్పికొడుతుంది. పాత ట్రేని మహా ఓపికగా మెరిపించి, మర్నాడు బిస్కెట్ల అడుగు సరిగా ఎర్రబడలేదని ఓవెన్‌ను తిట్టుకునేవాళ్ళున్నారు.

తుప్పు సంగతికి వస్తే, మలేషియా పెరళ్ళలో దానికి విరుగుడు చెట్టునే కాస్తుంది. బెలింబింగ్ బులుహ్, మన కోస్తాలో కొందరు బిలింబి అనే పుల్లకాయ. కాండానికే గుత్తులుగా వేలాడే పచ్చని వేలెడు కాయలు. అడ్డంగా కోసి తుప్పు మీద రుద్దితే ఎర్రటి నురుగు దిగుతుంది. కాయలో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం తుప్పులోని ఇనుమును పట్టి నీళ్ళలో కరిగే సమ్మేళనంగా మార్చి లాక్కొస్తుంది. బజారులో అమ్మే ఖరీదైన లోహపు పాలిష్ పొడులు కొన్నింటిలో ఉన్నదీ అదే ఆమ్లం. ఒక్క జాగ్రత్త: పులుపుకు తుప్పు అయిపోయాక ఆగడం తెలియదు, కింది ఇనుమునూ మొదలుపెడుతుంది. కొన్ని నిమిషాలు రుద్ది, బాగా కడిగి, వెంటనే వేడి మీద ఆరబెట్టి నూనె రాయాలి. రాత్రంతా నానబెడితే పొద్దున్నకు గరుకుతేలిన లోహం మిగులుతుంది.

ఈ పుల్లని పనుల దగ్గర ఒక హెచ్చరిక తప్పనిసరి. తేమ దేశం కావడంతో బూజు కోసం ఇంటింటా బ్లీచ్ సీసా ఉంటుంది. బిలింబి, చింతపండు, నిమ్మ, వెనిగర్, ఏ పులుపు తగిలినా బ్లీచ్ నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల మీదికి వదిలిన విషవాయువు అదే. ఇరుకు ఫ్లాట్‌లోని సింకులో కొద్దిగా పుట్టినా ఊపిరితిత్తులు మండుతాయి. పైగా పళ్ళేలకు బ్లీచ్ అవసరమే లేదు. ఓవెన్ వేడికి బతికే సూక్ష్మజీవులు తక్కువ, బ్లీచ్ తగిలితే స్టెయిన్‌లెస్ స్టీలు కూడా గుంటలు పడుతుంది.

ఇప్పుడు అల్యూమినియం. మన సిల్వర్ గిన్నెలు ఇవే. పేరులో వెండి ఉన్నా గుణం వేరు. 1898లో మద్రాసు కళాశాలలో, అంటే అప్పటి స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో, ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఈ లోహంతో పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. మన వైపు వంటిళ్ళలోకి అది అలా దారి చేసుకుంది. కేకు పళ్ళేలకు ఇంతకంటే అనువైనది అరుదు: వేడిని మామూలు ఉక్కు కంటే నాలుగైదు రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పదిహేను రెట్లు చురుగ్గా పాకిస్తుంది, తుప్పు పట్టదు.

తుప్పు పట్టకపోవడం అంటే నిజానికి క్షణంలో పట్టేసి ఆగిపోవడం. గాలి తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర కడుతుంది. వెంట్రుక మందంలో పదివేలో వంతు కంటే కాస్త తక్కువ, అంతే. గీత పడితే అక్కడ మళ్ళీ కట్టుకుంటుంది. ఆ పొరకు పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతసేపే ధీమా. మరీ పులుపైనా కరుగుతుంది, క్షారమైనా కరుగుతుంది. క్షారమే దీనికి ఎక్కువ ప్రమాదం, అదే చాలామందికి తెలియదు.

మలేషియా వంటలో క్షారం కొత్తదేం కాదు. కుయే కోసుయి వంటి ఆవిరి పిండివంటల్లో సాగుదనం కోసం కాన్‌సుయి అనే క్షారజలం వేస్తారు. పల్చటి అల్యూమినియం పళ్ళెంలో ఆ పిండి పోసి ఉడికిస్తూ పోతే లోపలివైపు మసకబారిపోతుంది. ఆ పిండికి గాజో, స్టీలో, పింగాణీయో మంచిది.

అంతకంటే పెద్ద మోసం వంటసోడాతో. అనాస జాము నింపిన టార్టులు కాలుస్తుంటే జాము పొంగి ట్రే మీద పడి బొగ్గయిపోవడం అక్కడ ప్రతి పండుగ సీజన్‌లో జరిగేదే. దానికి అందరూ చెప్పే చిట్కా, సోడా వేసి నీళ్ళు మరగబెట్టమని. స్టీలు ట్రేకి భేషుగ్గా పనిచేస్తుంది. చల్లటి నీళ్ళలో వంటసోడా మెతక క్షారం, పీహెచ్ 8 చిల్లర. మరిగిస్తే కార్బన్ డయాక్సైడు బుడగలుగా లేచిపోయి, గిన్నెలో మిగిలేది క్రమంగా చాకలి సోడా అవుతుంది. పీహెచ్ 11 వైపు ఎగబాకుతుంది. అల్యూమినియం పొర దానికి తట్టుకోలేదు. ట్రే నల్లబడుతుంది, వేలితో రుద్దితే వేలికి బూడిదరంగు మసి అంటుతుంది. డిష్‌వాషర్‌లో పెట్టిన అల్యూమినియం ట్రేలకు పట్టే గతీ ఇదే, ఆ పొడుల్లోనూ గట్టి క్షారాలే ఉంటాయి. కరిగిన అల్యూమినియం పోగా, మిశ్రలోహంలోని ఇనుము, సిలికాన్ వంటి కరగని రేణువులు ఆ మసిగా పైన తేలతాయి. కాబట్టి అల్యూమినియం ట్రేకి మరిగించడం వద్దు. మాడు మీద గోరువెచ్చని సబ్బు నీళ్ళు పోసి రాత్రంతా వదిలేయాలి. పంచదార మాడు లోలోపల ఎంత నల్లబడ్డా, అంచుల దగ్గర నీటికి లొంగుతుంది. పొద్దున చెక్క గరిటెతో తోస్తే పెళ్ళలుగా లేస్తుంది. మిగిలినదానికి సోడా ముద్ద చల్లగానే రుద్ది వెంటనే కడగవచ్చు.

ఇప్పటికే నల్లబడ్డ పళ్ళేనికి చింతపండు ఉంది. ట్రేలో నీళ్ళు నింపి చింతపండు పిసికి పది పదిహేను నిమిషాలు కాచితే నలుపు విరిగిపోతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం అల్యూమినియాన్ని పట్టుకునే తీరు అది. ఆ నీళ్ళు పారబోయాల్సిందే, చారు పెట్టుకోవడానికి కాదు. ఇక వెనిగర్, వంటసోడా కలిపి బుసబుస పొంగించే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. ఆ పొంగు చూడముచ్చటే. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి ఉప్పు వంటి సోడియం అసిటేట్ నీళ్ళు మిగులుతాయి, వాటితో జిడ్డు కదలదు.

ఓవెన్ శుభ్రం చేసే స్ప్రేలలో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా. అల్యూమినియం ట్రే మీద అది పడితే పొర కరగడంతో ఆగదు, లోహం కరుగుతూ హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది. 18 గ్రాముల అల్యూమినియం పూర్తిగా కరిగితే 24 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది, దానితోపాటు వేడీ పుడుతుంది. పక్కనే గ్యాస్ పొయ్యి వెలుగుతుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కంట్లో పడితే చూపుకే ముప్పు. డబ్బా మీద అల్యూమినియం మీద వాడరాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు?

గిన్నెలోంచి అల్యూమినియం ఒంట్లోకి చేరి మతిమరుపు తెస్తుందన్న భయం పాతది. ఆ సంబంధం ఇంతవరకూ రుజువు కాలేదు. ఆహార నిపుణుల అంతర్జాతీయ సంఘం జెక్ఫా 2011లో పెట్టిన హద్దు వారానికి కిలో శరీర బరువుకు 2 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి వారానికి 120. పొడి కేకులతో ఆ గీత దగ్గరికి పోవడం కష్టం. పులుసులు, ఊరగాయలు, అనాస జాము అందులో నిల్వ పెట్టకపోతే చాలు.

మలేషియాలో కూర్చుని తగరం మాట ఎత్తకపోతే అపచారం. 19వ శతాబ్దం చివరికి ప్రపంచంలో తవ్విన తగరంలో సగం దాకా మలయా గనులదే. ఈపో చుట్టూ ఉన్న కింటా లోయ దానికి గుండెకాయ. 1985 అక్టోబరులో అంతర్జాతీయ తగర మండలి దివాలా తీసి ధర కుప్పకూలాక గనులు వరసగా మూతబడ్డాయి. ఉక్కు రేకు మీద తగరం పూసినదే టిన్ను రేకు. బిస్కెట్ డబ్బాలూ, కేకు టిన్నులూ దాంతో చేసినవే. మనవాళ్ళు ఇత్తడి గిన్నెలకు నవాసాగరం చల్లి పోయించే కళాయీ ఈ లోహమే.

ఈ పూత ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది. 232 డిగ్రీలకు తగరం కరుగుతుంది. ఇంటి ఓవెన్ మీటలు సాధారణంగా 250 దాకా తిరుగుతాయి. పిండి ఉన్నంతసేపు పర్లేదు, తడి పిండి పళ్ళేన్ని చల్లగా ఉంచుతుంది. ఖాళీ టిన్ను ముందుగా వేడెక్కాలని పెట్టి మరిచిపోతే తగరం చిన్న చిన్న ముత్యాల్లా గుమిగూడి, మధ్యలో ఉక్కు బయటపడుతుంది. సరవాక్ కేక్ లపిస్ చేసేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఒక్కో పొరా పోసి పైమంట మీద కాల్చి, మళ్ళీ పోసి కాల్చడంలో టిన్ను పై అంచులు ఎర్రటి తీగలకు దగ్గరగా చాలాసేపు ఉంటాయి. గీత పడినా నష్టమే. జింకు పూత గీత పడ్డా తాను అరిగి ఉక్కును కాస్తుంది. తడి గాలిలో తగరం అలా కాయదు, గీత దగ్గర ఉక్కు మామూలు కంటే వేగంగా తుప్పు పడుతుంది. అందుకే టిన్నులో కత్తితో కేకు కోయకూడదు, ఇనుప పీచు తగలనివ్వకూడదు. మెత్తని గుడ్డ, సబ్బు, వెంటనే ఆరబెట్టడం, అంతకు మించి దానికేమీ చేయనక్కర్లేదు. అతుకులకు సీసం టంకం వేసిన పాతకాలపు డబ్బాలు దొరికితే వాటిలో కేకు వద్దే వద్దు. తగరం, సీసం కలిసిన ఆ టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, కేకు కాలేదీ ఇంచుమించు అక్కడే.

ఇత్తడి అచ్చులకు పేరున్న ఊరు తెరెంగాను రాష్ట్రంలోని కౌలా తెరెంగాను. మైనపు నమూనా కరిగించి పోత పోసే పని అక్కడ తరతరాలది. నూనె రాసి దాచిన ఇత్తడి అచ్చు గీతల్లో కనబడే పచ్చని ముద్ద, చెడిన నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి కట్టిన సబ్బు. అది కడుపులోకి పోకూడదు. చింతపండు, కాస్త ఉప్పు కలిపి మెత్తని బ్రష్షుతో సందులన్నీ తోమి, వేడినీళ్ళతో కడిగితే పోతుంది. పాత ఇనుము సామాను కొట్లో కొన్న, ఏం లోహం కలిసిందో తెలియని ఇత్తడిలో సీసం ఉండే అవకాశం ఉంది. దాన్ని గోడకు తగిలించుకోండి, వంటకు వాడకండి.

నాన్‌స్టిక్ ట్రేలది వేరే కథ. 1938లో డూపాంట్ సంస్థలో రాయ్ ప్లంకెట్ చేతిలో అనుకోకుండా పుట్టిన టెఫ్లాన్‌ను 1954లో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ పెనానికి అంటించాడు. ఇక్కడ పొర మనం కట్టించుకునేది కాదు, పోయిందంటే తిరిగి రాదు. 260 డిగ్రీల దాకా అది నిలకడగా ఉంటుంది. 350 ప్రాంతంలో విడిపోయి పొగ వదులుతుంది. మనుషులకు ఆ పొగ ఫ్లూ లాంటి జ్వరం తెస్తే, పంజరంలోని పిట్టను నిమిషాల్లో చంపగలదు. పక్షుల ఊపిరితిత్తుల్లో గాలి ఏకధాటిగా సాగుతూ చాలా సమర్థంగా వాయువులను లోపలికి తీసుకుంటుంది, విషాన్నైనా అంతే. కెలాంతన్‌లో మెర్బోక్ గువ్వల పాటల పోటీలు పెట్టుకునే దేశం అది. వరండాలో, వంటింటి వాకిట్లో పంజరం వేలాడే ఇళ్ళలో ఖాళీ నాన్‌స్టిక్ ట్రేని పైమంట కింద పెట్టకూడదు, గ్యాస్ పొయ్యి మీద అసలే పెట్టకూడదు. పూత తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని 2023లో క్యాన్సర్ పరిశోధనా అంతర్జాతీయ సంస్థ మనుషులకు క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అమెరికాలోని పెద్ద తయారీదారులు దాన్ని 2015 నాటికే మానేశారు. పాత ట్రే పొరలు ఊడుతుంటే ఇసకా పీచూ పెట్టి మిగిలింది గీకాలని చూడకండి. ఊడే పెళ్ళలు కడుపులో అరగకుండానే బయటికి పోతాయి, వాటి గురించి బెంగ అనవసరం. అంటుకోకపోవడం అన్న గుణం పోయాక ఆ ట్రే ఉంచుకుని మాత్రం ఏం లాభం, పాత ఇనుముకు వేయండి.